ఆవిరి గొట్టం ఎంపిక సంఘం

గోనెసంచుల నాణ్యతా పర్యవేక్షణ కార్యాలయం నాగావళి ఒడ్డున ఒక చిన్న పట్నంలో, మూతబడిన సినిమా హాలు వెనక ఉంది. అందులో పదమూడు మంది పనిచేస్తారు. వారిలో నలుగురు రోజుకు నాలుగుసార్లు సైకిళ్ల షెడ్డు వెనక్కి వెళ్లి గోడవంక చూస్తూ నిలబడతారు. అక్కడ వాళ్లేం చేస్తారో గోడ మీది మసి చూస్తే తెలుస్తుంది. అయినా ఆ ఏడాది ఆషాఢంలో రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చేదాకా ఆ మసితో ఎవరికీ పని పడలేదు.

సర్క్యులర్ పేరు "పొగ నుంచి ఆవిరికి". పొగతాగే ప్రతి ఉద్యోగి చేతా వంద రోజుల్లోగా పొగ మాన్పించి, ఆవిరి పీల్చే పరికరానికి మార్చాలని దాని సారాంశం. ఏ పరికరానికి మార్చాలో ఏ ఆఫీసుకా ఆఫీసు ఒక ఎంపిక సంఘం వేసుకుని తేల్చుకోవాలి. పొగతాగేవారి పేర్లు, హోదాలు, ఎన్నేళ్లుగా తాగుతున్నారు, ఎందుకు తాగుతున్నారు అన్నవి జతపరచిన ఫారంలో నింపి పంపాలి. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది: "శూన్య నివేదికలు స్వీకరించబడవు."

సూపరింటెండెంట్ విశ్వపతి గారు ఫారాన్ని బల్లబల్లకూ తిప్పారు. ఆయన వక్కపొడి కూడా ఎరుగని మనిషి. తన పేరుకెదురుగా "లేదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం పెట్టారు. సైకిళ్ల షెడ్డు నలుగురూ "లేదు" అని రాసి కింద గీత గీశారు. వారిలో స్టోర్‌కీపర్ సన్యాసిరావు "వాసన కూడా గిట్టదు" అని చేర్చాడు. సాయంత్రానికి ఫారం మీద పన్నెండు "లేదు"లు పోగయ్యాయి.

విశ్వపతి గారు ఆ కాగితం పట్టుకుని కళ్లు మూసుకున్నారు. శూన్య నివేదిక పంపకూడదు. పంపకపోతే సంజాయిషీ అడుగుతారు. ఆయన కళ్లు తెరిచేసరికి ఎదురుగా స్వీపరు దాలమ్మ వరండా ఊడుస్తోంది.

దాలమ్మకు యాభై ఆరేళ్లు. రోజుకూలీ మీద పద్దెనిమిదేళ్లుగా ఆ ఆఫీసు ఊడుస్తోంది. ఆరు నెలలకోసారి పొడిగింపు కాగితం మీద అధికారి సంతకం పెడితే పని ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆమె తాగేది అడ్డపొగ. అంటే చుట్టను తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం. ఆ వైపు ఆడవాళ్లలో అది పాత అలవాటే. వరినాట్లప్పుడు వాన కొట్టినా గాలి వీచినా నిప్పు ఆరదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పదమూడో ఏట మేనత్త నేర్పితే దాలమ్మ నేర్చుకుంది.

"దాలమ్మా, ఇలా రా. నువ్వు చుట్ట తాగుతావు కదూ?"

దాలమ్మ చీపురు గోడకు ఆనించింది. "మానీసినాను బాబూ. పొద్దుటినుంచి ముట్టుకోనేదు."

"పొద్దుటి నుంచా? నిన్న తాగావు కదా?"

"నిన్న తాగినాను."

"అయితే తాగుతున్నట్టే," అని విశ్వపతి గారు ఫారం మీద ఆమె పేరు రాసేశారు.

ఆ పొద్దున ఏం జరిగిందో ఆయన అడగలేదు. దాలమ్మ పెద్దాసుపత్రికి వెళ్లి వచ్చింది. పళ్ల డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసింది. అంగిట్లో తెల్లటి మచ్చ లేచిందనీ, దాని మధ్య ఎర్రటి చుక్కలున్నాయనీ చెప్పింది. "మూడు నెలలు నోట్లో నిప్పు పెట్టకు. మచ్చ దానంతటదే తగ్గితే మంచిదే. తగ్గకపోతే ముక్క కోసి విశాఖపట్నం పంపాలి. ఒక్క చుట్ట తాగినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది," అంది.

దాలమ్మ ఆస్పత్రి మెట్ల మీద చుట్టల కట్ట పారేసింది. ఒక్కటి మాత్రం పారేయలేక కొంగున ముడేసుకుంది. ఆ ముడితోనే ఇప్పుడు విశ్వపతి గారి ముందు నిలబడింది.

"నా పేరెందుకు బాబూ? నాను మానేత్తన్నాను కదా."

"నీ అంతట నువ్వు మానడం వేరు, ప్రభుత్వం మాన్పించడం వేరు. నువ్వు లబ్ధిదారువి. తొందరపడకు," అన్నారాయన.

ఎంపిక సంఘం మొదటి సమావేశం ఆ శుక్రవారమే జరిగింది. అధ్యక్షత వహించింది కార్యాలయాధికారి కృపాసాగర్ గారు. సభ్యులు విశ్వపతి గారు, సన్యాసిరావు. లబ్ధిదారు తలుపు దగ్గర నిలబడింది.

"ముందుగా పరికరం విషయమై మన దృక్పథాన్ని నిర్దిష్టపరచుకోవలసి ఉంటుంది," అన్నారు కృపాసాగర్ గారు.

సన్యాసిరావు గొంతు సవరించుకున్నాడు. "చిన్న చిక్కు సార్. ఈ పరికరాలు మన దేశంలో అమ్మకూడదని చట్టం ఉంది."

కృపాసాగర్ గారు సర్క్యులర్‌ను అతని ముందుకు జరిపారు.

"సర్క్యులర్‌లో మనల్ని కొనమన్నారా?"

"లేదు సార్."

"తెప్పించమన్నారా?"

"లేదు సార్. ఎంపిక చేయమన్నారు."

"అయితే చట్టంతో మనకు పేచీ ఏముంది? ఎంపిక చేద్దాం."

ఏ వస్తువును ఎంపిక చేయాలన్నా మూడు సంస్థల నుంచి రాతపూర్వకంగా సమాచారం తెప్పించాలన్నది నియమం. పట్నంలో వెతికి సైకిళ్ల షాపుకు, ఫ్యాను మోటార్లు చుట్టే షాపుకు, పెళ్లిసామాన్లు అద్దెకిచ్చే షాపుకు లేఖలు పంపారు. మూడూ తమ దగ్గర అలాంటివి లేవని జవాబు రాశాయి. విశ్వపతి గారు ఆ జవాబులను గళ్లు గీసి పక్కపక్కన పేర్చారు. మొదటి రెండు షాపులూ "లేవు" అని మాత్రమే రాశాయి. పెళ్లిసామాన్ల షాపువాడు "లేవు, ఇకముందు కూడా ఉండబోవు" అని రాశాడు. చట్టం పట్ల గౌరవంలో మిగతా ఇద్దరికన్నా అతడు ముందున్నాడని సంఘం అభిప్రాయపడి, అతడిని ఖాయం చేసింది.

రెండో సమావేశం ఆకారం గురించి. పరికరం సిగరెట్టులా ఉండాలి, లేకపోతే తాగేవాడికి తృప్తి కలగదు. సిగరెట్టులా ఉండకూడదు, ఉంటే చూసేవాడికి తాగబుద్ధి పుడుతుంది. తాగేవాడి వైపు నుంచి సిగరెట్టులాగా, చూసేవాడి వైపు నుంచి పెన్నులాగా ఉండే పరికరం శ్రేయస్కరమని తీర్మానించి, సంఘం టీ తాగింది.

మూడోది రుచి గురించి. సర్క్యులర్ వెనక పేజీలో రుచుల పట్టిక ఉంది.

"దాలమ్మా, మామిడి, పుదీనా, పుచ్చకాయ, బబుల్‌గమ్. వీటిలో నీకేది సమ్మతం?" అని కృపాసాగర్ గారు అడిగారు.

"తినడానికేటి బాబూ?"

"పీల్చడానికి."

"పుచ్చకాయ పీల్చడమేటి? కోసుకు తింటే పోద్ది కదా."

విశ్వపతి గారు మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు: "లబ్ధిదారు పుచ్చకాయ పట్ల మొగ్గు చూపినారు."

అసలు గడ్డు సమస్య నాలుగో సమావేశంలో ఎదురైంది. సన్యాసిరావు పరికరం బొమ్మను నల్లబల్ల మీద గీశాడు. ఒక కొస నోట్లో పెట్టుకునేది. రెండో కొసన చిన్న దీపం. పీల్చినప్పుడు దీపం వెలిగితే పరికరం పనిచేస్తున్నట్టు.

దాలమ్మ బొమ్మను ఓపిగ్గా చూసింది. "దీపమున్న కొసే కదేటి నోట్ల పెట్టుకోవాల?"

"కాదు, ఇటు కొస."

"అది మొగోలు పెట్టుకునే కొస బాబూ. మేము నిప్పున్న కొస పెట్టుకుంటాం."

సంఘం నిర్ఘాంతపోయింది. దీపం నోట్లోకి పోతే పరికరం పనిచేస్తోందో లేదో రేపు రాజధాని నుంచి వచ్చే పరిశీలక బృందానికి ఎలా తెలుస్తుంది? మూడు గంటలు తర్జనభర్జన పడ్డారు. లబ్ధిదారు అలవాటును తిప్పడం సర్క్యులర్ పరిధిలో లేదు. చివరికి, "పరిశీలన సమయమున లబ్ధిదారు నోరు విశాలముగా తెరచి లోపలి దీపమును చూపవలెను" అని తీర్మానించారు. వెలుతురు చాలకపోతే చూడడానికి ఆఫీసు టార్చిలైటుకు కొత్త బ్యాటరీలు వేయించాలని సన్యాసిరావు సూచించాడు. దాన్నీ ఆమోదించారు.

సంఘం ఇలా ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ ఉంటే దాలమ్మ తన దారిన తాను మానేస్తూ ఉంది.

మొదటి తొమ్మిది రోజులూ నరకం చూసింది. ఊడ్చిన వరండానే మళ్లీ ఊడ్చింది. బుగ్గన ఎండు ఉసిరి పెచ్చు పెట్టుకుని కూర్చుంటే చేతులు వాటంతటవే కొంగుముడి వైపు పోయేవి. పదో రోజున ముడి విప్పి, మిగిలిన ఆ ఒక్క చుట్టనూ ఆఫీసు నూతిలో వేసింది. ఇరవయ్యో రోజున కాబోలు, ఇంట్లో అన్నం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"నర్సీ, పులుసులో ఉప్పు రెండుమార్లు ఏసినావేటే?"

కోడలు నరసమ్మ పొయ్యి దగ్గర్నుంచి తిరిగింది. "నానెక్కడ ఏసినాను అత్తా? పొద్దున నువ్వే కదా వొండినావు."

"నానేనా? ఇంత ఉప్పా?"

"నువ్వెప్పుడూ ఇంతే ఏత్తావు. కాపరానికొచ్చిన కాడినుంచీ తింతన్నాం."

"మరి సెప్పలేదేటే?"

"మావ బతికున్నప్పుడు సెప్పొద్దన్నాడు. నీ నోటికి తెల్దు, బాధపడతావని."

దాలమ్మ ఆ ముద్దను నెమ్మదిగా నమిలి మింగింది. ఇన్నేళ్లుగా తన వంట రుచి తనకే తెలియలేదని ఆమెకు ఆ పూట అర్థమైంది. ఆ రోజు నుంచి చుట్ట వాసన ఎదురైతే మొహం తిప్పుకునేది. అద్దంలో నోరు తెరిచి చూసుకునేది గానీ అంగిలి ఎంత చూసినా కనబడేది కాదు.

నలభయ్యో రోజున విశ్వపతి గారు మొదటి ప్రగతి నివేదిక కోసం ఆమెను పిలిచారు. "ఇప్పుడు రోజుకెన్ని తాగుతున్నావు?"

"ఒక్కటీ నేదు బాబూ. ఆ రోజే సెప్పినాను కదా."

విశ్వపతి గారి చేతిలోంచి పెన్ను జారింది. "ఎవరి అనుమతితో మానేశావు?"

"అనుమతేటి బాబూ, డాక్టరమ్మ సెప్పినాది."

"డాక్టరమ్మ ఏ శాఖ? మన శాఖా? పరికరం రాకముందే మానేస్తే పరికరం దేనికి? సంఘం దేనికి? నాలుగు సమావేశాల మినిట్స్ ఉన్నాయి నా దగ్గర."

మర్నాడే మెమో వచ్చింది. విశ్వపతి గారే రాశారు, విశ్వపతి గారే చదివి వినిపించారు. "కార్యాలయము తరఫున ఏకైక ధూమపాన లబ్ధిదారుగా నమోదై ఉండియు, పరికరము అందజేయబడక పూర్వమే, పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండా, స్వంత నిర్ణయముతో ధూమపానము విరమించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలియపరచవలెను." ఆయన చెడ్డమనిషి కాదు. కాగితం మీద ఉన్నదానికీ బయట ఉన్నదానికీ తేడా వస్తే మాత్రం ఆయనకు నిద్ర పట్టదు.

"ఏటి రాయమంటారు బాబూ?"

"పొరపాటైంది, ఇకమీదట జరగదు అని రాయి."

"ఏది జరగదని? మానడమా?"

ఆయన మెమో నకలు ఆమె చేతిలో పెట్టి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ గురువారం ఇంకో కబురు వచ్చింది. సోమవారం పరిశీలక బృందం వస్తోంది. పరికరం అందకముందు లబ్ధిదారు ఏ స్థితిలో ఉన్నదీ కళ్లారా చూసి, ఫొటో తీసుకుంటుంది. కృపాసాగర్ గారు దాలమ్మను గదిలోకి పిలిపించి, ఎన్నడూ లేనిది, కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు. బల్ల మీద కొత్త చుట్టల కట్ట, అగ్గిపెట్టె ఉన్నాయి. మంచి లంక పొగాకు. గదంతా ఆ వాసనే.

"చూడు దాలమ్మా, ఇది సంస్థ ప్రతిష్ఠకు సంబంధించిన విషయం. పరికరం వచ్చేదాకా నువ్వు యథాస్థితిలో కొనసాగాలి. తరువాత మేమే శాస్త్రీయంగా మాన్పిస్తాం."

"నోట్ల మచ్చుంది బాబూ. నిప్పెడితే కోసీయాలంట."

"ఒక్క సోమవారం. ఒక్క చుట్ట."

"ఒక్కటైనా లెక్క మొదటికొచ్చేస్తాదంట."

కృపాసాగర్ గారు సొరుగులోంచి ఒక కాగితం తీసి చుట్టల పక్కన పెట్టారు. చదవడం రాకపోయినా దాలమ్మ దాన్ని గుర్తుపట్టింది. ఆరు నెలల పొడిగింపు కాగితం. సంతకం చేయవలసిన చోటు ఖాళీగా ఉంది.

"సోమవారం పరిశీలన సవ్యంగా ముగిస్తే ఆ రోజే సంతకం పెడతాను," అన్నారాయన.

దాలమ్మ చేయి చుట్ట మీదికి వెళ్లింది. తీసింది. వేళ్ల మధ్య అది ఎంత తేలిక. ఆకు మెత్తగా, సరైన బిగువులో ఉంది. నోట్లో నీళ్లూరాయి. నలభై రోజుల పట్టు ఆ వాసన ముందు ఏ మూలకు పోయిందో తెలియలేదు. ఆ నీళ్లు మింగబోయేసరికి నాలుక అంగిటికి తగిలింది. అక్కడ ఇంకా గరుకుగానే ఉంది. చుట్టను మళ్లీ కట్టలో పెట్టేసింది.

"బాబూ, నాకు తెల్క అడుగుతాను. గుమస్తాగారు సెలవెడితే ఆయన పని ఆగిపోద్దేటి?"

"ఆగదు. ఇంకొకరికి ఛార్జి అప్పగిస్తారు."

"నాను జొరమొచ్చి రాకపోతే నా సీపురు ఇంకొకలు పడతారు. మరి ఇదీ అలాగే ఎవులికైనా అప్పగించీయండి. తాగడానికి నానే అవ్వాలేటి?"

కృపాసాగర్ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయనకు అంత స్వచ్ఛమైన ఆలోచన ఎవరూ చెప్పలేదు. లబ్ధిదారు మారితే నివేదిక తప్పవుతుంది. బాధ్యతలు మాత్రమే మారితే ఏ నివేదికా తప్పు కాదు. వెంటనే విశ్వపతి గారిని పిలిపించారు.

"అదనపు బాధ్యత ఎవరికివ్వాలంటారు?"

"సన్యాసిరావు గారికి అనుభవం..." అని విశ్వపతి గారు అనబోయారు.

"ఆయనా, సైకిళ్ల షెడ్డు దగ్గర మిగతా ముగ్గురూ తాగడం లేదని సంతకం పెట్టారు. రేపు వాళ్ల చేతిలో చుట్ట కనబడితే తప్పుడు ధ్రువీకరణ అవుతుంది."

"నేను కూడా తాగనని సంతకం పెట్టాను సార్."

"మీరు నిజం రాశారు. నిజం రాసినవారు ఉత్తర్వు మీద మారవచ్చు. అబద్ధం రాసినవారు మారితే దొరికిపోతారు. పైగా ఆమె మీ అజమాయిషీలోనే పనిచేస్తోంది. నియమం ప్రకారం మీకే వస్తుంది."

విశ్వపతి గారు నియమాల పుస్తకం తెరిచి చూశారు. ఆయనకే వస్తుంది. పుస్తకం మూసేశారు.

ఉత్తర్వు సాయంత్రం లోపల టైపయింది: "శ్రీమతి బోర దాలమ్మ, స్వీపరు, నిర్వహించుచున్న ధూమపాన విధులను, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, తమ స్వంత విధులకు అదనముగా శ్రీ శిష్టా విశ్వపతి, సూపరింటెండెంట్, నిర్వహించవలెను. శ్రీమతి దాలమ్మ సదరు విధుల నుండి విముక్తి చేయబడినారు." అప్పగింత జాబితా మీద చుట్టలు పది, అగ్గిపెట్టె ఒకటి అని రాసి ఇద్దరూ సంతకాలు చేశారు. దాలమ్మ తన పేరులో మూడక్షరాలూ కూడబలుక్కుని రాసింది.

సోమవారం బృందం వచ్చింది. ముగ్గురు సభ్యులు, ఒక ఫొటోగ్రాఫరు. విశ్వపతి గారు చుట్ట ముట్టించి రెండు దమ్ములు లాగారు. మూడో దమ్ముకు ఆయన కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారాయి. బల్ల పట్టుకుని దగ్గుతూ మోకాళ్ల మీదికి ఒరిగిపోయారు. బృందం నాయకుడు చలించిపోయాడు. "రాష్ట్రంలో ఇంతవరకు ఇరవై రెండు కార్యాలయాలు చూశాం. వ్యసనం ఇంత ముదిరిన మనిషిని ఎక్కడా చూడలేదు. పరికరం అవసరం ఈయనకున్నంతగా మరెవరికీ లేదు," అన్నాడు. ఆఫీసుకు ఆదర్శ కార్యాలయం అని ఒక పత్రం ఇచ్చారు. ఎంపిక పూర్తయ్యేవరకు లబ్ధిదారు స్థితిలో మార్పు రాకుండా చూడవలసిందని కింద రాశారు. దాలమ్మ పొడిగింపు కాగితం మీద ఆ సాయంత్రం సంతకం పడింది.

సంఘం అయిదో సమావేశం, ఆరో సమావేశం జరుపుకుంది. విశ్వపతి గారు ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి చొప్పున, హాజరుపట్టీలో వేళ రాసుకుని మరీ తాగారు. నెల తిరిగేసరికి వేళ రాయడం మానేశారు. సైకిళ్ల షెడ్డు వెనక అయిదో మనిషి నిలబడడం మొదలైంది. "విధి నిర్వహణ," అన్నారాయన సన్యాసిరావుతో, అతని చుట్టకు నిప్పందిస్తూ. ఆ మాట అంటూనే మరొక దమ్ము లాగారు. దగ్గు రాలేదు.

మూడు నెలలు నిండిన రోజున దాలమ్మ పెద్దాసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ లైటు వేసి చూసింది. అద్దం పుల్లను అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. దాలమ్మ నోరు తెరుచుకుని, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, గోడ మీది బల్లిని చూస్తూ ఉంది.

"చాలా తగ్గింది. ఎర్రచుక్కలు పోయాయి. కోయనక్కర్లేదు," అంది డాక్టరమ్మ.

దాలమ్మ నోరు మూయడం మరిచిపోయింది. కాసేపటికి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇన్నేళ్ల అలవాటు ఎలా మానగలిగావమ్మా? ఆ ఆవిరి గొట్టాలేమైనా వాడావా?"

"అది మా ఆపీసులో ఇంకా ఎంచుతున్నారండి. నాను ఛార్జి అప్పగించీసినాను."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. దాలమ్మ సంచిలోంచి ఉత్తర్వు తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని ఒకసారి చదివింది. కళ్లజోడు పెట్టుకుని రెండోసారి చదివింది. నవ్వబోయి ఆగింది.

"ఈ విశ్వపతి గారు ఇప్పటికీ తాగుతున్నారా?"

"రోజుకి ఆరండి."

"ఆయన్ని ఒకసారి ఇలా రమ్మను. నోరు చూస్తాను."

"రాలేరమ్మా," అంది దాలమ్మ, ఉత్తర్వు మడతపెట్టి జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంటూ. "ఆపీసు మొత్తానికీ కాగితం మీద తాగేవోరు ఆయనొక్కరే. ఆయనకి సెలవివ్వరు."